గ్రిగ్ ఆటలు, సున్నపు గీతలు

కోస్తా జిల్లాల్లో అరవై దాటినవాళ్ళ దగ్గర ‘గ్రిగ్’ అని ఒక్క మాట అని చూడండి. ఆ గ్రిగ్ ఎవరో చెప్పలేకపోవచ్చు గానీ, తమ బడి ఖోఖోలో ఏ ఊరి చేతిలో ఓడిందో మాత్రం ఠక్కున చెబుతారు. గ్రిగ్‌కు వెళ్ళాడు, గ్రిగ్‌లో కొట్టాడు, గ్రిగ్ షీల్డు తెచ్చారు అంటూ మనిషి పేరు కాస్తా పండగ పేరైపోయింది. ఆయన హెచ్.బి. గ్రిగ్, 19వ శతాబ్దం చివర్లో మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన దొర. బడుల మధ్య జరిగే ఆటల పోటీలు ఆయన జ్ఞాపకార్థం ఆ పేరుతో నడిచాయి. రాజధాని పోయింది, రాష్ట్రం మారింది, పేరు మాత్రం పల్లెటూరి హైస్కూళ్ళలో చాన్నాళ్ళు అంటిపెట్టుకునే ఉంది. నైజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణకు ఈ పేరుతో చుట్టరికం లేదు.

1959లో జిల్లా పరిషత్తులు వచ్చేదాకా ఆ పల్లె బడులు జిల్లా బోర్డు హైస్కూళ్ళు. చుట్టుపక్కల బడులన్నీ కలిపి ఒక జోను, జోన్లలో నెగ్గినవాళ్ళకు జిల్లా పోటీలు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఈ సరిహద్దులన్నీ మళ్ళీ గీసుకోవాల్సి వచ్చింది. అయితే ఎన్ని గీతలు మారినా ఒకటి మారలేదు. రెండు వందల మంది పిల్లలు, ఒకే ఒక్క డ్రిల్లు మాస్టారు ఉన్న పల్లె బడి, వెయ్యి మంది ఉన్న పట్నం బడితో ఒకే డ్రాలో పడేది. అయినా చిన్న బడులు షీల్డులు ఎత్తుకెళ్ళేవి. ఎలాగంటే దానికో లెక్క ఉంది, చాలావరకు తాడూ మేకులూ సున్నంతో తేలే లెక్క.

డ్రిల్లు మాస్టారంటే ఈలా బెత్తమూ మాత్రమే గుర్తుండేవాళ్ళకు ఆయన చదువు సంగతి తెలియదు. మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో మొదలుపెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల దేశంలోనే ఆ తరహాలో మొదటిది. అక్కడ చదివి వచ్చినవాళ్ళు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఊళ్ళలోకి తెచ్చిన విద్యల్లో మొదటిది మైదానం గీయడం.

పల్లె బడికి 400 మీటర్ల ట్రాక్ ఊహలోని మాట. దానికి సుమారు 176 మీటర్ల పొడవు, 92 మీటర్ల వెడల్పు కావాలి. అంత చోటుంటే ఎవరో ఒకరు పంట వేసేవారు. అందుకని 200 మీటర్ల ట్రాక్. రెండు పక్కలా 40 మీటర్ల చొప్పున తిన్నని దారి, మిగిలిన 120 మీటర్లు రెండు అర్ధచంద్రాల్లో. ఆ రెండూ కలిస్తే ఒక నిండు వృత్తం కాబట్టి 120ని 6.2832తో భాగిస్తే 19.10 మీటర్ల వ్యాసార్థం వస్తుంది. పరుగెత్తేవాడు గీత మీద పరుగెత్తడు, గీతకు 20 సెంటీమీటర్ల అవతల పరుగెత్తుతాడని లెక్క. అది తీసేస్తే తాడు పొడవు 18.90. ఒక్కొక్కటి 1.22 మీటర్ల వెడల్పున నాలుగు లేన్లు వేస్తే మొత్తం 88 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పులో ఇమిడిపోతుంది. ఎకరానికి కాస్త పైన.

పని ఇలా సాగేది. మైదానం నడుమ పొడవునా ఒక తాడు కట్టి, దాని మీద 40 మీటర్ల దూరంలో రెండు ఇనుప మేకులు దిగ్గొట్టాలి. ఈ రెండు మేకులే ట్రాక్‌కు ప్రాణం. ప్రతి మేకు దగ్గరా అడ్డగీత తీయడానికి మూలమట్టం ఏమీ అక్కర్లేదు, 3, 4, 5 మీటర్ల తాడు త్రికోణం చాలు. తరవాత మేకుకు ఉచ్చు వేసి 18.90 దగ్గర పుల్ల కట్టి అర్ధచంద్రం గీస్తారు. ఇక్కడే మొదటి పొరపాటు. కొబ్బరి తాడు లాగితే సాగుతుంది, తడిస్తే ఇంకో రకం. పది సెంటీమీటర్లు సాగిందంటే చుట్టుకు 63 సెంటీమీటర్లు ఎక్కువైనట్టే. తెలిసిన మాస్టార్లు ఇనుప తీగ వాడేవారు. ఇంకా పాతకాలం వాళ్ళు సర్వే గొలుసు అడిగి తెచ్చేవారు. 66 అడుగులు, వంద లింకులు, సాగే ప్రశ్నే లేదు. గజాల్లో పందేలు జరిగిన రోజుల్లో గొలుసు ఇంకా నప్పేది, ఎందుకంటే గొలుసంటే 22 గజాలు, పది గొలుసులంటే 220 గజాల పందెం. పాత రికార్డులు చూసి ‘ఆ రోజుల్లో ఎంత వేగం’ అని ముచ్చటపడేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. వంద గజాలంటే 91.44 మీటర్లే.

రెండో పొరపాటు పుస్తకం చూసి చేసేది. ఒక చుట్టు పందేనికి బయటి లేనువాణ్ణి ముందుకు జరిపి నిలబెట్టాలి కదా, ఎంత జరపాలి? పుస్తకంలో రెండో లేనుకు 7.04 మీటర్లని ఉంటుంది. అది లోపలి అంచుకు గట్టు కట్టిన ట్రాక్ లెక్క. గట్టుంటే మొదటి లేను వాడు 30 సెంటీమీటర్లు ఎడంగా పరుగెత్తుతాడు. మన సున్నపు గీతకు గట్టెక్కడిది? అప్పుడు 2 × 3.1416 × 1.22, అంటే రెండో లేనుకు 7.67, మూడో లేనుకు 15.33, నాలుగో లేనుకు 23 మీటర్లు జరపాలి. 7.04 వేసిన చోట బయటి లేన్లవాళ్ళందరూ ఒక్కొక్కరు 63 సెంటీమీటర్లు అదనంగా పరుగెత్తినట్టు. పైన తాడు సాగితే వచ్చిన 63, ఈ 63 ఒకటే. రెండూ ఆ పది సెంటీమీటర్ల తేడాలోంచి పుట్టినవే. ‘ఫస్టు లేను అదృష్టం’ అని పిల్లలు చెప్పుకున్న మాటలో కొంత నిజం అక్కడుంది. ఇంకో చిత్రం, ఈ జరుపుడు ట్రాక్ సైజును బట్టి మారదు. 200 మీటర్ల చుట్టుకైనా 400 మీటర్ల చుట్టుకైనా లేను వెడల్పే ముఖ్యం.

అయిదు గీతలూ కలిపి చూస్తే కిలోమీటరు దాటుతాయి. చిల్లుల డబ్బాలో ముగ్గుపిండి పోసి, వంగి, ఆడిస్తూ కిలోమీటరు నడవడమంటే నడుములు పోతాయి. గీత తెల్లగా కనబడుతుందని పొడి సున్నం పోస్తే ఇంకో బాధ. పడినవాడి మోకాలు మండుతుంది, కంట్లో పడితే ఆట ఆగుతుంది. సగం సగం కలపడం రాజీ మార్గం. రాత్రి వాన పడి తెల్లారేసరికి అంతా కొట్టుకుపోవడం మామూలే. అందుకే ఆ రెండు మేకులను నేలకు రెండంగుళాల లోతుగా దిగ్గొట్టి పైన మట్టి కప్పేవారు. మేకులు కదలకపోతే గంటన్నరలో ట్రాక్ మళ్ళీ లేస్తుంది. మేకు పశువు కాలికి తగలకుండా ఉండడం కూడా అందులో ఒక లాభం.

వంద మీటర్ల పందెం ఈ నేలలో ఎక్కడ పెట్టాలన్నది శాశ్వత తలనొప్పి. 90 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పున్న మైదానంలో మూల నుంచి మూలకు 103 మీటర్లు. అంటే రిబ్బను దాటాక గోడకు మూడు మీటర్లు. పిల్లలు అమాయకులేం కాదు, తొంభై దగ్గర నుంచే కాళ్ళు బిగబట్టేవారు. గోడ దగ్గర ఇద్దరు పెద్ద కుర్రాళ్ళను చేతులు చాచి నిలబెట్టడం అప్పటి ‘సేఫ్టీ మెత్త’. కొన్ని ఊళ్ళలో పంచాయతీ రోడ్డు మీదే పెట్టేవారు. పందెం బాగా సాగేది, ఎడ్లబండి అడ్డం రాకపోతే.

టైము సంగతి ఇంకా తమాషా. స్టార్టరు చేతిలో తుపాకీ లేదు, క్లాపరు ఉండేది. బందుతో కలిపిన రెండు చెక్కలు, టప్పుమని కొడతారు. వంద మీటర్ల అవతల గడియారం పట్టుకున్నవాడు ఆ చప్పుడు విని నొక్కితే అప్పటికే దాదాపు 0.3 సెకన్లు పోయినట్టు, ధ్వని అంత దూరం రావడానికి ఆ మాత్రం పడుతుంది. కుర్రాడు ఊరికే మొనగాడైపోతాడు. అందుకని చప్పుడు వినకూడదు, చెక్కలు కలవడం చూడాలి. ఎండలో చెక్క కనపడదని చెక్కకు ఎర్ర గుడ్డ చుట్టేవాళ్ళు కొందరు. కీ ఇచ్చే ఆ స్టాప్‌వాచీల్లో చాలావాటికి సెకనులో అయిదో వంతుకే గుర్తులు. కాబట్టి టైముకు పెద్ద విలువ ఇచ్చేవారు కాదు, వరసే ముఖ్యం. ముగింపు గీత దగ్గర ఒక్కో స్థానానికి ఒక్కో జడ్జి. మూడో స్థానం చూడాల్సినవాడు మొదటివాణ్ణి చూస్తూ మైమరచాడంటే సాయంత్రం దాకా పంచాయితీ. తల ముందు దాటినా లెక్క లేదు, మొండెం దాటాలన్న నిబంధన ఊరి పెద్దలకు చెప్పి ఒప్పించడం ఏ మాస్టారికీ సులువు కాలేదు.

హైజంపుకు వెదురు కర్ర. వెదురు మధ్యలో వంగుతుంది, రెండు చివరలా 1.40 ఉన్నా నడుమ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ ఉండొచ్చు. ఎత్తు ఎప్పుడూ నడుమే కొలవాలి. ప్రతిసారీ కర్రను ఒకే వైపు తిప్పి పెట్టాలి, లేకపోతే వంపు పైకి లేచి ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఫాస్‌బరీ వెనక్కి దూకి గెలిచాక ఇక్కడి కుర్రాళ్ళకూ ఆ సరదా పుట్టింది. మన దగ్గర పడేది ఇసకలో, వెనక్కి దూకితే మెడ ఏమవుతుంది? మాస్టార్లు కత్తెర దూకుడే దూకించారు, మంచి పని చేశారు. షాట్‌పుట్‌కు చాలాకాలం 40 డిగ్రీల సెక్టారు. కోణమానిని అక్కర్లేదు. వలయం నడిబొడ్డు నుంచి పది మీటర్ల దగ్గర రెండు గీతల మధ్య 6.84 మీటర్ల తాడు పట్టుకుంటే చాలు.

పరుగులూ దూకుళ్ళూ పట్నం బళ్ళకు అనుకూలం, ఎక్కువ మంది పిల్లల్లోంచి ఏరుకోవచ్చు. చిన్న బడి తెలివంతా ఖోఖోలో కనిపించేది. సామాను లేదు, రెండు స్తంభాలు చాలు. తొమ్మిది మందికి చురుకుంటే చాలు, పొడుగూ బరువూ అక్కర్లేదు. అప్పటి కోర్టు 29 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. స్తంభానికీ స్తంభానికీ మధ్య 23.50 మీటర్లు, నడుమ ఎనిమిది గళ్ళు. ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి గొంతుకు కూర్చుంటారు, తొమ్మిదోవాడు తరుముతాడు. ఎదుటి జట్టు ముగ్గురు ముగ్గురుగా బరిలోకి వస్తారు. ఒక్కో విడత 9 నిమిషాలు.

స్తంభం గురించి కాస్త చెప్పాలి. డెల్టాలో దొరికేది సరుగుడు, నేలపైన 1.20 మీటర్లు కనపడాలి. పైన ఉన్నదాంట్లో కనీసం సగమైనా నేలలో పాతాలి. తరిమేవాడు దాన్ని ఒంటిచేత్తో చుట్టి, ఒళ్ళంతా బయటికి వేలాడేసి, అందినకాడికి చెయ్యి చాస్తాడు. పోల్ డైవ్ అంటే అదే. ఆ బరువుకు లోతు చాలని స్తంభం మధ్యాహ్నానికల్లా ఒరుగుతుంది. ఒరిగితే గురి తప్పుతుంది, పక్కటెముకకు దెబ్బ తగులుతుంది. గుంటలో ముందు ఇటుక ముక్కలు వేసి, స్తంభం నిలబెట్టి, చుట్టూ రాళ్ళు దిమ్మిసతో గట్టించి, ఆ తరవాతే మట్టి. నీళ్ళు పోసి మర్నాడు మళ్ళీ కుదించాలి. బెరడు పూర్తిగా చెక్కి, గాజు పెంకుతో నున్నగా గీసి, కొబ్బరినూనె కాదు, పొడి గుడ్డతోనే తుడవాలి. నూనె రాస్తే చెయ్యి జారుతుందని ఎవరో ఒకరికి ప్రతి ఏడూ కొత్తగా తెలిసేది.

ఆటలో ఓడిపోయేది ఎక్కువగా ‘ఖో’ ఇవ్వడంలోనే. వెనకనుంచి వీపు తాకి, తాకుతూనే ‘ఖో’ అనాలి. ముందు అని తరవాత తాకితే ఫౌలు. కూర్చున్నవాడు మాట వినపడగానే లేచిపోతే, తాకుడు పడలేదని అంపైరు ఈల ఊదితే, ఆ రెండు సెకన్లలో ముందు పరుగెత్తేవాడు మూడు గళ్ళు దాటేస్తాడు. అందుకని మంచి జట్లు తాకుడును వేరే సాధన చేసేవి, కళ్ళు మూసుకుని కూర్చుని, మాట కాకుండా తాకుడుకు మాత్రమే లేవడం. ముందు పరుగెత్తేవాళ్ళకు రెండు విద్యలు. గళ్ళ మధ్య పాములా దూరే గొలుసు, ఒక మూల గుండ్రంగా తిప్పే రింగు. ఊపిరున్నవాడికి గొలుసు, చూపున్నవాడికి రింగు. ఒక్కడు మూడు నిమిషాలు నిలబడితే ఆ విడత గెలిచినట్టే.

రెండో ఆయుధం బాల్ బ్యాడ్మింటన్. ఇప్పటి పిల్లలకు బ్యాడ్మింటనంటే ఈకల షటిలే. పల్లె బడిలో ఆడింది పసుపుపచ్చ ఉన్నిబంతితో, ఆరుబయట, 24 మీటర్ల పొడవు 12 మీటర్ల వెడల్పు కోర్టులో, పక్కకు అయిదుగురు. గాలికి షటిల్ ఎగిరిపోతుంది, 27 నుంచి 30 గ్రాముల ఉన్నిబంతి తట్టుకుంటుంది, అందుకే సముద్రగాలి ఊళ్ళలో అది పాతుకుంది. దానికున్న శత్రువు మంచు. పొద్దున్నే ఆడితే గడ్డి తడి పీల్చి బంతి బరువెక్కుతుంది, నెట్టు దాటదు. బాగా అరిగిన బంతి రోమాలు లేచి గాల్లో ఈడుస్తుంది. ఒక ఆట ఎండిన బంతితో, ఇంకోటి తడి బంతితో ఆడితే అది వేరే ఆటే. నరాల బ్యాటును వానలో వదిలేస్తే చట్రం వంకర తిరుగుతుంది. అందుకని నాలుగు మూలలా మరలున్న చెక్క ప్రెస్సులో బిగించి పెట్టేవారు. నాలుగు మరలూ సమానంగా బిగించకపోతే ప్రెస్సే బ్యాటును వంచేస్తుంది, ఇది చాలామంది ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం. అప్పట్లో ఆట 29 పాయింట్లకు. ఈ ఆటకు మన నేల మీద చిరునామా జమ్మలమడక పిచ్చయ్య. వరంగల్లులో స్థిరపడిన ఆయనకు 1970లో బాల్ బ్యాడ్మింటన్‌లో అర్జున అవార్డు వచ్చింది. ఆ కబురు తరవాత ఉన్నిబంతి కూడా గౌరవమైన ఆటే అని హెడ్‌మాస్టర్ల ముందు వాదించడానికి డ్రిల్లు మాస్టార్లకు ఒక పేరు దొరికింది.

కబడ్డీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, చెడుగుడు రానివాడు ఎవడు? ఊళ్ళో ఆడిన చెడుగుడుకూ గీతల లోపలి కబడ్డీకీ తేడా తెలియకే చాలా జట్లు మొదటి ఆటలోనే ఇంటికొచ్చాయి. కూత మధ్య గీత దాటకముందే మొదలవ్వాలి. ఎదుటి కోర్టు లోపల అడ్డంగా ఉండే ‘బాక్’ గీతను దాటకుండా, ఎవరినీ తాకకుండా తిరిగొస్తే కూతకు వెళ్ళినవాడే అవుటు. ఏడుగురూ అవుటయితే లోనా, అదనంగా రెండు పాయింట్లు. ఊళ్ళో మొనగాడు నేరుగా పట్టుకు దిగేవాడు, గీత సంగతి మరిచి అవుటయ్యేవాడు. ఆడపిల్లలకు టెన్నికాయిట్ (అదే రింగు ఆట), ఖోఖో. ఒక రబ్బరు రింగు, ఒక నెట్టు, ఖర్చు లేదు, కొన్ని బడులు కేవలం రింగు మీదే ఏళ్ళ తరబడి జిల్లాకు వెళ్ళాయి.

ఇప్పుడు పోటీలు నడిపే బడి కష్టం. పదకొండు జట్లు వచ్చాయనుకోండి. రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టిస్తూ పోతే దానికి పైన వచ్చే పదహారులోంచి తీసేస్తే 5 బైలు, అంటే అయిదు జట్లు మొదటి విడత ఆడకుండానే ముందుకెళతాయి. పై సగంలో రెండు, కింది సగంలో మూడు. ఎన్ని జట్లయినా మొత్తం ఆటలు ఒకటి తక్కువ, అంటే 10. సీనియర్ల కబడ్డీ 20 నిమిషాలు, 5 విశ్రాంతి, మళ్ళీ 20. పది ఆటలకు ఏడున్నర గంటలు, జట్లు మారే వ్యవధి కాకుండానే. ఒక్క కోర్టు మీద ఒక రోజులో అవదు. ఈ లెక్క ముందు చేసుకోని బడిలో ఫైనలు పెట్రోమాక్సు వెలుగులో జరిగేది, గీత ఎవరికీ కనపడేది కాదు, తరవాతి రెండేళ్ళు దాని గురించే వాదన. చీట్లు తీసేటప్పుడు ఆతిథ్య బడికే బై పడితే ఇంకో రకం వాదన. అందుకని చీట్లు తీసే పని ఏ జట్టుకూ చెందని చిన్నపిల్లతో చేయించేవారు.

అన్నిటికన్నా చేదు గొడవ వయసుది. సీనియరా జూనియరా అన్నది అడ్మిషన్ రిజిస్టరులో పుట్టినతేదీ చెప్పాలి. మీసాలు ఇంకోటి చెప్పేవి. హెడ్‌మాస్టరు సంతకంతో వచ్చే పత్రంలో రెండు పుట్టుమచ్చలు రాయడం అలవాటు, గొడవ వచ్చినప్పుడు చొక్కా విప్పించి మచ్చ వెతికేవారు. ఆ పరీక్షకు ఒప్పుకోకుండా జట్టుకు జట్టు మైదానం దిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లోనే ఏర్పడింది. దాని అండర్ 14, అండర్ 17 లెక్కలు ఊరి బడి దాకా దిగాక సీనియర్, జూనియర్ మాటలూ, వాటితోపాటు గ్రిగ్ పేరూ మెల్లగా కాగితాల మీంచి జారాయి.

షీల్డు లెక్కకు వద్దాం. చాలాచోట్ల మొదటి స్థానానికి 5, రెండుకు 3, మూడుకు 1. పట్నం బడి ప్రతిదాంట్లోనూ జట్టు దింపుతుంది. మూడూ ఒకటీ ఏరుకుంటూ పోతుంది. చిన్న బడికి అన్నిటికీ పిల్లలు లేరు. ఉన్న పదిహేను మందినే ఖోఖో, బాల్ బ్యాడ్మింటన్, రింగు, నాలుగువంతుల రిలేలో మళ్ళీ మళ్ళీ దింపాలి. రిలేలో ఆఖరివాడు అదే మధ్యాహ్నం ఖోఖో ఫైనల్లో మొదటి ముగ్గురిలో ఒకడు. కాబట్టి చిన్న బడి మాస్టారు మొదట చదివేది తన జట్టును కాదు, పోటీల వేళల పట్టికను. రిలేకూ ఖోఖోకూ మధ్య గంట ఎడం లేకపోతే ఒకటి వదులుకోవాల్సిందే. నాలుగు మొదటి స్థానాలంటే 20 పాయింట్లు, ఎక్కడా మొదటికి రాకుండా ఆరింట్లో రెండో స్థానం తెచ్చుకున్నవాడికి 18. ఆ రెండు పాయింట్ల సందులోంచే షీల్డు పల్లెకు వచ్చేది.

పోటీలు ముగిసిన మర్నాడు మైదానంలో మిగిలేది ముగ్గు, నిమ్మతొక్కలు, తెగిన కాశీతాడు. సరుగుడు స్తంభాలను అలాగే వదిలేస్తే చెద తినేస్తుంది. మాస్టారు ఇద్దరు కుర్రాళ్ళతో వాటిని పీకించి, తుడిచి, స్టాఫ్‌రూం అటక మీద అడ్డంగా పెట్టిస్తారు. గుంటల్ని మట్టితో పూడ్చరు, ఇసకతో నింపుతారు. మట్టి గట్టిపడుతుంది, ఇసకైతే వచ్చే ఏడు పావుగంటలో తోడేయొచ్చు. ట్రాక్ మేకులను మాత్రం ముట్టుకోరు. ఒకటి ఏ వేపచెట్టుకు ఎన్ని అడుగులో, రెండోది జెండా దిమ్మెకు ఎన్ని అడుగులో ఆటల రిజిస్టరు ఆఖరి పేజీలో రాసి ఉంటుంది.